హెలికాప్టర్ విమానమేనా? ఎగిరేవాటిని వర్గాలుగా విడదీయడం

నిరుడు మా సియాటిల్ ఆదివారం తరగతిలో, పదేళ్లు దాటిన పిల్లలతో ఒక చిన్న రిఫరెన్సు పుస్తకం చేయించాం. ఒక్కొక్కరు నాలుగేసి చీటీలు రాయాలి. చీటీకో ఎగిరే వాహనం: బొమ్మ, పేరు, అయిదారు వాక్యాలు. అన్నీ అయ్యాక వాటిని వర్గాలుగా విడదీసి, వరసగా పేర్చి, పుస్తకంగా కుట్టాలి. చీటీలు రాయడం రెండు వారాల్లో అయిపోయింది. విడదీయడానికి మాత్రం అయిదు వారాలు పట్టింది. ఏడాది మొత్తంలో పిల్లలు ఒకరితో ఒకరు తెలుగులో ఎక్కువ మాట్లాడింది ఆ అయిదు వారాల్లోనే. ఈ పని మీ తరగతిలో చేయించాలనుకుంటే మాకు ఎదురైన చిక్కులు ముందే తెలిసి ఉండటం మంచిదని ఇది రాస్తున్నాను.

కూరగాయల పేర్లు, జంతువుల పేర్లు మనం ఎలాగూ నేర్పుతాం. పిల్లలు పేరు చెప్తారు, కూర్చుంటారు. అక్కడితో మాట అయిపోతుంది. కానీ "ఇది ఈ పెట్టెలో ఎందుకు, ఆ పెట్టెలో ఎందుకు కాదు" అని అడిగామంటే కారణం చెప్పాలి, ఎదుటివాళ్ల కారణం వినాలి, కాదనాలి. మన పిల్లల తెలుగు తడబడేది సరిగ్గా అక్కడే.

మొదటి రోజే నేను పప్పులో కాలేశాను. ఒక అబ్బాయి చీటీ పట్టుకొచ్చి "టీచర్, హెలికాప్టర్ విమానమేనా?" అన్నాడు. "అవును నాన్నా, అదీ ఒక రకం విమానమే" అన్నాను. వాడు వెళ్లి 'విమానాలు' అని రాసిన పెట్టెలో వేశాడు. పది నిమిషాలు తిరక్కుండా ఒక అమ్మాయి వచ్చి "మరి పక్క పెట్టె మీద 'హెలికాప్టర్లు' అని మీరే రాశారు కదా, అందులో ఏం వెయ్యాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఒకే మాట, రెండు పనులు

తప్పు పిల్లలది కాదు. 'విమానం' అనే మాట మన భాషలో రెండు బరువులు మోస్తోంది. ఇంగ్లీషులో ఎయిర్‌క్రాఫ్ట్ వేరు, ఎయిర్‌ప్లేన్ వేరు. గాలిని ఆసరాగా చేసుకుని పైన నిలబడే ప్రతి వాహనమూ ఎయిర్‌క్రాఫ్ట్. అందులో కదలని రెక్కలూ ఇంజనూ ఉన్నది మాత్రమే ఎయిర్‌ప్లేన్. మనం రెండింటినీ విమానం అనేస్తాం. పౌర విమానయాన శాఖ అన్నప్పుడు హెలికాప్టర్ కూడా అందులోకి వస్తుంది. "విమానంలో వచ్చారా, హెలికాప్టర్‌లో వచ్చారా" అన్నప్పుడు రాదు. రోజువారీ మాటల్లో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. రిఫరెన్సు పుస్తకంలో మాత్రం పెద్ద పెట్టెకీ దాని లోపలి చిన్న పెట్టెకీ ఒకే పేరు పెడితే చదివేవాడు దారి తప్పుతాడు.

అసలు విమానం అనే మాటకి ఇంకా పాత జీవితం ఉంది. పిల్లలకి పుష్పక విమానం కథ తెలిసే ఉంటుంది. గుడిలో గర్భగృహం మీద ఉండే కట్టడాన్ని కూడా విమానం అనే అంటారు, తిరుమలలో ఆనంద నిలయ విమానం ఉంది కదా. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు విమానాన్ని గాలిమోటారు అనేవారు. మా తరగతిలో ఒకరి నానమ్మ వీడియో కాల్‌లో ఆ మాట అన్న రోజు నుంచి పిల్లలకి అదే ముద్దుపేరు అయిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా అడిగించండి, ఎవరి ఇంట్లో ఏ మాట ఉందో.

పెద్ద పెట్టెకి మేం 'వాయుయానం' అని పేరు పెట్టుకున్నాం. 'గగనయానం' అందామని ఒకరు అన్నారు గానీ, ఇస్రో మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే కార్యక్రమం పేరు గగన్‌యాన్, అది గాలి దాటి పోయేది. వాయుయానం అంటే పేరులోనే గాలి ఉంది. ఈ మాట కొంచెం పుస్తకాల మాటే, ఒప్పుకుంటాను. అందుకే అట్ట మీద 'ఎగిరేవి' అని, లోపల 'వాయుయానం' అని రాసుకున్నాం. మీ తరగతి ఇంకో మాట ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా మొదటి పేజీలో రాసిపెట్టి, చివరిదాకా దానికే కట్టుబడండి.

గిరి గీసుకోవడం

పేరు పెట్టాక, దాని లోపలికి ఏది వస్తుందో ఏది రాదో తేల్చుకోవాలి. దీనికి మనం కొత్తగా కష్టపడక్కర్లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఎప్పుడో ఒక నిర్వచనం ఇచ్చింది. పిల్లల తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: గాలి నుంచి వచ్చే ఆసరాతో వాతావరణంలో పైన నిలబడగల యంత్రం వాయుయానం, అయితే ఆ ఆసరా, కింద నేలనో నీటినో గాలితో నొక్కడం వల్ల వచ్చింది కాకూడదు.

ఆ రెండో ముక్క ఎందుకు తగిలించారో పిల్లల్నే అడగండి. మా దగ్గర ఎవరూ చెప్పలేకపోయారు, హోవర్‌క్రాఫ్ట్ బొమ్మ చూపించగానే ఇద్దరు ఒకేసారి అరిచారు. హోవర్‌క్రాఫ్ట్ తన కింద గాలిని కూరి ఆ పరుపు మీద జారుతుంది. కింద నేలో నీళ్లో లేకపోతే దానికి నిలకడ లేదు. అందుకని అది బయటికి. రాకెట్టూ బయటికే. దానికి పైకి పోవడానికి గాలి ఆసరా అవసరం లేదు, గాలి లేనిచోట ఇంకా బాగా పోతుంది. పక్షి యంత్రం కాదు కాబట్టి బయటికి. (ఈ చివరిదాని మీద మా చిన్నవాళ్లు కొంచెం బాధపడ్డారు.)

డ్రోన్ లోపలికే. మనిషి అందులో కూర్చోవాలని నిర్వచనంలో ఎక్కడా లేదు.

మొదటి రెండు ప్రశ్నలు

ఐకావో తన ఏడో అనుబంధంలో వాయుయానాల వర్గీకరణ పట్టిక ఒకటి ఇచ్చింది. విమానాల మీద దేశం గుర్తు, నమోదు సంఖ్య ఎలా రాయాలో చెప్పే పత్రం అది. ఆ పట్టికలో ఉన్న అందం ఏంటంటే, మొదట రెండే ప్రశ్నలు అడుగుతుంది. గాలి కన్నా తేలికా, బరువా? ఇంజను ఉందా, లేదా? ఈ రెండు జవాబులతో నాలుగు పెట్టెలు తయారవుతాయి. తేలిక, ఇంజను లేదు: బెలూన్. తేలిక, ఇంజను ఉంది: ఎయిర్‌షిప్. బరువు, ఇంజను లేదు: గ్లైడర్, గాలిపటం. బరువు, ఇంజను ఉంది: విమానం, హెలికాప్టర్ లాంటివి.

గాలిపటం పేరు చదవగానే తరగతి అంతా ఒక్కసారి లేచింది. సంక్రాంతికి హైదరాబాద్‌లో మేడ మీద నుంచి మామయ్య ఎగరేసినది అంతర్జాతీయ పట్టికలో ఉందంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు? ఆ ఒక్క చీటీ కోసం ముగ్గురు పోటీపడ్డారు.

'గాలి కన్నా తేలిక' దగ్గర మాత్రం తొందరపడకండి. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "బుట్టలో నలుగురు మనుషులుంటే అది తేలికెలా అవుతుంది?" దానికి జవాబు బెలూన్ బరువొక్కటే చూడ్డం కాదు, అంతే చోటు పట్టే గాలి బరువుతో పోల్చి చూడ్డం. గాలికి బరువు ఉందని చాలామంది పెద్దవాళ్లకి కూడా అనిపించదు. నేల మట్టంలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో గాలి 60 కిలోలు. అంటే గదిలో కనిపించకుండా ఇంకో మనిషి కూర్చున్నట్టు. నలుగురు ఎక్కే వేడిగాలి బెలూన్ సుమారు 2,800 ఘనపు మీటర్లు ఉంటుందనుకోండి, అంత చోటులో బయటి గాలి మూడు టన్నులకి పైమాటే. లోపలి గాలిని వేడి చేస్తే అది పలచబడి కొన్ని వందల కిలోలు తగ్గుతుంది. ఆ తగ్గినంత మేర బుట్టనీ మనుషుల్నీ మోయొచ్చు. 1783లో పారిస్‌లో మనుషులు మొదటిసారి స్వేచ్ఛగా గాలిలోకి లేచింది ఈ లెక్క మీదే.

ఇక్కడ మా తరగతిలో ఒకమ్మాయి అంది: "అయితే బెలూన్ ఎగరదు కదా టీచర్, తేలుతుంది." ఆ మాటతో మా పని సగం అయిపోయింది. నీళ్లలో చెక్కముక్కలాగా బెలూన్ గాలిలో తేలుతుంది. విమానం అలా తేలదు, గాలిని కోసుకుంటూ ముందుకి పోతేనే పైన ఉంటుంది. వాడుకలో బెలూన్ ఎగిరిందనే అంటాం, అందులో తప్పేం లేదు. కానీ పుస్తకంలో రెండు భాగాలకి 'తేలేవి', 'ఎగిరేవి' అని పేర్లు పెట్టుకున్నాం. అట్ట మీది 'ఎగిరేవి' అప్పుడు తప్పైపోయింది. పిల్లలు కొట్టేసి 'తేలేవి, ఎగిరేవి' అని తిరగరాశారు.

తేలేవాటిలో మన ఊళ్లకి సంబంధించిన చీటీ ఒకటి పెట్టొచ్చు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. పరిశోధన పరికరాలు కట్టిన పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లని 30 కిలోమీటర్ల ఎత్తు దాటి పంపుతారు. పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో ఏ చేలోనో దిగుతాయి. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా చేరి ఇదేంటా అని చూస్తుంటారు.

రెక్క

ఎగిరేవాటిలో తర్వాతి ప్రశ్న: రెక్క కదలదా, తిరుగుతుందా, కొట్టుకుంటుందా?

ఈ ప్రశ్న తెలుగులో అడగడం ఇంగ్లీషులో అడగడం కన్నా సులువు. హెలికాప్టర్ పైన తిరిగేదాన్ని ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు బ్లేడు అంటారు, విమానానిది వింగ్ అంటారు. రెండూ ఒకే పని చేస్తున్నాయని వాళ్లకి విడిగా చెప్పాలి. మనం ఫ్యాను రెక్క అంటాం, పక్షి రెక్క అంటాం, విమానం రెక్క అంటాం. మూడింటికీ ఒకటే మాట. హెలికాప్టర్‌కీ రెక్కలున్నాయి, కాకపోతే అవి తిరుగుతాయి. కదలని రెక్కల విమానం, తిరిగే రెక్కల హెలికాప్టర్, కొట్టుకునే రెక్కల ఆర్నిథాప్టర్. ఈ మూడోది కూడా ఐకావో పట్టికలో ఉంది.

తిరిగే రెక్కల్లో మళ్లీ రెండు రకాలు. హెలికాప్టర్‌లో ఇంజనే రెక్కల్ని తిప్పుతుంది. ఆటోజైరోలో ఇంజను వాహనాన్ని ముందుకి నెడుతుంది, ఎదురుగాలికి పైరెక్కలు వాటంతట అవే తిరుగుతాయి. స్పెయిన్‌కి చెందిన హువాన్ దె లా సియెర్వా 1923లోనే ఆటోజైరోని ఎగరేశాడు, హెలికాప్టర్లు కుదురుకోవడానికి చాలా ముందు. మా ఊళ్లో శరదృతువులో మేపుల్ గింజలు గిరగిరా తిరుగుతూ రాలుతుంటాయి. ఒక గుప్పెడు ఏరుకుని తరగతికి తీసుకెళ్లాను. గింజకి ఇంజను లేదు, కింద నుంచి వచ్చే గాలే దాన్ని తిప్పుతోంది, అందుకే మెల్లగా దిగుతోంది. ఇంజను ఆగిపోయిన హెలికాప్టర్‌ని పైలట్లు దింపేదీ ఇదే పద్ధతిలో.

డ్రోన్ల పెట్టె విడిగా కావాలని మా అబ్బాయిలు చాలా పట్టుబట్టారు. మీ దగ్గరా పడతారు. నాలుగు మూలలా తిరిగే రెక్కలున్న డ్రోన్‌నీ, విమానంలా పొడుగు రెక్కలున్న డ్రోన్‌నీ పక్కపక్కన పెట్టి అడగండి: ఈ రెండింటికీ పోలిక ఎక్కువా, ఒక్కోదానికి హెలికాప్టర్‌తోనో విమానంతోనో పోలిక ఎక్కువా? పైలట్ ఎక్కడ కూర్చున్నాడన్నది వేరే ప్రశ్న. దానికి వేరే పెట్టె అక్కర్లేదు, చీటీ మీద ఒక గీత చాలు.

అన్నిటినీ ఒకే గాటన కట్టడం

ఇది అసలు చిక్కు, ఎక్కువసేపు ఆగాల్సిన చోటు. పెట్టెల పేర్లు మీరు చెప్పకుండా మొదట పిల్లల్నే పెట్టమనండి. మా వాళ్లు పెట్టినవి ఇవి: పెద్ద విమానాలు, జెట్లు, యుద్ధ విమానాలు, బోయింగ్, నీటి విమానాలు, ఎయిర్ ఫోర్స్ వన్, పాతవి.

అప్పుడు 747 చీటీ తీసి ఇచ్చాను. అది పెద్దదే, జెట్టే, బోయింగే. మా ఊరి మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో ఉన్నది 1969లో మొట్టమొదట ఎగిరిన 747, కాబట్టి పాతది కూడా. ఒక్క చీటీ, నాలుగు పెట్టెలు. ఇలాంటిది జరిగితే చీటీలో తప్పు లేదు, పెట్టెల్లో ఉంది. పెద్దవి అన్నది సైజు ప్రశ్న. జెట్ అన్నది ఇంజను ప్రశ్న. యుద్ధం అన్నది వాడకం ప్రశ్న. బోయింగ్ అన్నది ఎవరు చేశారన్న ప్రశ్న. నాలుగు వేరే వేరే ప్రశ్నల జవాబుల్ని ఒకే గాటన కట్టేశాం.

ఎయిర్ ఫోర్స్ వన్ అయితే అసలు విమానం రకమే కాదు. అమెరికా అధ్యక్షుడు ఎక్కి ఉన్న వైమానిక దళ విమానాన్ని రేడియోలో పిలిచే పేరది. ఆయన దిగిపోతే పేరూ దిగిపోతుంది. పెళ్లిలో ఎవరు కూర్చుంటే వాళ్లు పెళ్లికొడుకు అయినట్టు, కుర్చీకి ఆ పేరు రాదు.

ఇంటి నుంచి ఉదాహరణ కావాలంటే అమ్మ సర్దుకున్న డబ్బాలు చూడమనండి. కందిపప్పు, పెసరపప్పు ఒక అరలో. బియ్యప్పిండి, గోధుమపిండి ఇంకో అరలో. శనగపిండి ఎక్కడ? పప్పుతో చేసిందని పప్పుల దగ్గరా, పిండి అని పిండ్ల దగ్గరా? ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, కానీ ఒకే ఇంట్లో వారానికోలా ఉండదు. సగ్గుబియ్యం పేరులో బియ్యం ఉంది గానీ కర్రపెండలంతో చేస్తారు. వేరుశనగ శనగ కాదు. పేరు చూసి అర నిర్ణయిస్తే మోసపోతాం.

విమానాల్లో ఇలాంటి పేర్లు కావలసినన్ని. అమెరికా సైన్యం తన విమానాలకి పనిని బట్టి అక్షరాలు ఇస్తుంది: ఎఫ్ అంటే ఫైటర్, బి అంటే బాంబర్, సి అంటే సరుకు మోసేది. మరి ఎఫ్-117 చేసే పని నేల మీది లక్ష్యాల మీద బాంబులు వేయడం. గాలిలో ఇంకో విమానంతో తలపడటానికి తయారైంది కాదు. అయినా పేరు ఎఫ్. గుడ్‌ఇయర్ బ్లింప్ అని ఆటల పోటీల మీద కనిపించేది కూడా అంతే. బ్లింప్ అంటే లోపల చట్రం లేని ఎయిర్‌షిప్, కానీ 2014 నుంచి వచ్చినవాటికి లోపల కొంత చట్రం ఉంది. జనం మాత్రం బ్లింప్ అనే అంటున్నారు, కంపెనీ కూడా ఆ పేరు మార్చలేదు.

కాబట్టి మేం పెట్టుకున్న నియమం: పెట్టెలు విడదీసేటప్పుడు ఒక మెట్టు మీద ఒకే ప్రశ్న. మొదటి మెట్టు బరువు, రెండోది ఇంజను, మూడోది రెక్క, నాలుగోది ఎక్కడ దిగుతుంది. మిగతావన్నీ, అంటే ఎవరు చేశారు, ఎంత పెద్దది, దేనికి వాడతారు, ఏ ఏడాదిది, చీటీ మీద ఒక్కో గీతలో రాయాలి. 'బోయింగ్ అన్నీ చూడాలి' అనుకునేవాళ్ల కోసం పుస్తకం చివర అకారాది సూచిక. బోయింగ్ పెట్టె పోయిందని ఏడుపుమొహం పెట్టిన పిల్లాడికే ఆ సూచిక పని అప్పజెప్పాం.

మా ప్రశ్నలే సరైనవని కాదు. ఎవరి పనికి తగ్గ ప్రశ్న వాళ్లది. ఫ్రెడ్ జేన్ 1909లో మొదలుపెట్టిన ప్రసిద్ధ విమానాల వార్షిక గ్రంథంలో విమానాన్ని దేశాన్ని బట్టి, చేసిన సంస్థని బట్టి వెతుక్కుంటారు. విమానాశ్రయం టవర్‌లో ఉన్నవాళ్లకి ఆ గొడవ అక్కర్లేదు. ముందు వెళ్లిన విమానం వెనక ఎంత సుడిగాలి వదులుతుందన్నదే వాళ్ల బాధ. ఐకావో పాత పద్ధతిలో బరువే కొలత: 7 టన్నుల దాకా లైట్, 136 టన్నులకి తక్కువైతే మీడియం, ఆ పైన హెవీ. ఎ380 వచ్చాక దాని కోసం సూపర్ అని ఇంకో మాట చేర్చాల్సి వచ్చింది. బోయింగ్ 757 తూకంలో మీడియమే గానీ సుడి గట్టిగా వదులుతుంది, అందుకే అమెరికాలో దాని వెనక ఎడం విడిగా లెక్కేశారు. పెట్టె గీతకీ అసలు వస్తువుకీ మధ్య ఇలాంటి పేచీ ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో తమాషా. అమెరికా విమానయాన నిబంధనల్లో కేటగిరీ అనే ఒకే మాటకి రెండు అర్థాలు రాసి ఉన్నాయి. పైలట్ లైసెన్సు విషయంలో అయితే విమానం, రోటర్‌క్రాఫ్ట్, గ్లైడర్, గాలి కన్నా తేలికైనవి, ఇలాంటివి కేటగిరీలు. విమానానికి ధ్రువపత్రం ఇచ్చే విషయంలో అయితే అది దేనికి పనికొస్తుందో, ఏ పరిమితుల్లో ఎగరాలో చెప్పేవి కేటగిరీలు. చట్టం రాసేవాళ్లే 'ఈ సందర్భంలో ఇది, ఆ సందర్భంలో అది' అని ముందే చెప్పుకోవాల్సి వచ్చిందంటే, నా విమానం పెట్టె గందరగోళం అంత సిగ్గుపడాల్సింది కాదు.

నదిలో దిగింది కదా!

నాలుగో మెట్టు దగ్గర మా తరగతిలో పెద్ద యుద్ధమే జరిగింది. మా ఊళ్లో లేక్ యూనియన్ మీద నుంచి నీటి విమానాలు రోజూ లేస్తాయి కాబట్టి ఆ చీటీ అందరికీ తెలిసిందే. పడవలాంటి తేలుడు కాళ్లున్నవి కొన్ని. ఒళ్లే పడవలా ఉండేవి కొన్ని. నీటి మీదా నేల మీదా దిగగలిగేవి ఉభయచరాలు, కప్పల్లాగా.

అప్పుడు, ఏడాదంతా అడిగితే తప్ప నోరు విప్పని ఒక అబ్బాయి లేచాడు. "హడ్సన్ నదిలో దిగింది కదా, అది కూడా నీటి విమానమే." 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయి, న్యూయార్క్‌లో నది మీద దిగిన ఎ320 గురించి. అందులోని 155 మందీ బతికారు. అందరూ కాదన్నారు. వాడు వదల్లేదు. "దిగిందా లేదా? మునిగిందా? జనం రెక్క మీద నిలబడ్డారు కదా!" గొడవ ముదిరేసరికి తరగతి మొత్తం ఇంగ్లీషులోకి జారుకుంది.

మీ దగ్గరా సరిగ్గా ఇక్కడే జారుకుంటుంది, కోప్పడకండి. కారణాలు చెప్పే వాక్యాలు చేతిలో లేకే వాళ్లు జారుకుంటారు. నేను బోర్డు మీద మూడు వాక్యాల మొదళ్లు రాశాను: "నేను ఒప్పుకోను, ఎందుకంటే…", "నువ్వన్నది నిజమే, కానీ…", "అలా అయితే … కూడా ఇందులోకే రావాలి కదా." మూడోది బంగారం. ఒకమ్మాయి దాన్ని అందుకుంది: "అలా అయితే నీళ్లలో పడ్డ కారు కూడా పడవ అవ్వాలి కదా!" వాడు కాసేపు ఆలోచించాడు. "కారు మునిగిపోతుంది" అన్నాడు. తెలుగులోనే.

చివరికి తేల్చుకున్నది ఇది: ఒకసారి ఏం జరిగిందన్నది కాదు, దేనికోసం తయారైందన్నది చూడాలి. అదే నియమంతో ఇంకో చీటీ కూడా సర్దుకుంది. 1983లో కెనడా మీద ఒక బోయింగ్ 767కి దారిలో ఇంధనం అయిపోయింది. ఇంజన్లు లేకుండా జారుతూ గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరంలో క్షేమంగా దిగింది. జనం దాన్ని గిమ్లీ గ్లైడర్ అన్నారు. అయినా అది మా గ్లైడర్ల పెట్టెలోకి రాదు. హడ్సన్ అబ్బాయి తన చీటీ మీద ఇలా రాసుకున్నాడు: "ఇది నీటి మీద దిగే విమానం కాదు. నీటి మీద దిగిన విమానం."

భాష నేర్పేవాళ్లుగా మీరు ఆ రెండు వాక్యాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దిగే, దిగిన. తేలే, తిరిగే, కదలని, ఇంజను లేని. తెలుగులో వర్గం పేరంతా నామవాచకం ముందు చేరే ఈ చిన్న మాటల్లోనే ఉంది. వ్యాకరణం పాఠంగా చెప్తే ఆవలించే పిల్లలు, చీటీ ఏ పెట్టెలోకి పోవాలో తేలాలంటే వాటిని సరిగ్గా వాడక తప్పదని తెలిస్తే ఎవరూ చెప్పకుండానే దిద్దుకుంటారు.

తల్లిదండ్రులకి ఒక మనవి. మా ఊళ్లో చాలామంది అమ్మానాన్నలకి విమానాల గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. పిల్లల చీటీ చూడగానే జవాబు చెప్పేయాలనిపిస్తుంది, అదీ ఇంగ్లీషులో. దయచేసి ఆగండి. "ఎందుకు ఆ పెట్టె?" అని మాత్రం అడగండి. తప్పు పెట్టెలో వేసి తెలుగులో కారణం చెప్పిన చీటీ, మీరు చెప్పగా సరైన పెట్టెలో పడిన చీటీ కన్నా నాకు ఎక్కువ పనికొస్తుంది. తప్పుని మర్నాడు ఇంకో పిల్లే పట్టుకుంటుంది.

చివరిగా ఒక పెట్టె ఖాళీగా ఉంచుకోండి. ఎంత వాదించినా కుదరనివి ఉంటాయి. మేం దానికి 'ఇంకా తేలనివి' అని పేరు పెట్టాం. అది చదివి ఒకడు "అయితే బెలూన్ ఇందులో వెయ్యకూడదు" అన్నాడు. మాది ముగిసేసరికి ఆ పెట్టెలో రెండు చీటీలున్నాయి. ఒకటి వి-22 ఆస్ప్రే: హెలికాప్టర్‌లా నిలువుగా లేచి, తిరిగే రెక్కల్ని ముందుకి వంచి విమానంలా పోతుంది. ఇలాంటివాటి కోసం అమెరికా పైలట్ లైసెన్సుల్లో పవర్డ్ లిఫ్ట్ అని విడిగా ఒక కేటగిరీయే ఉంది. ఆ పేరుకి తెలుగు మాట ఏం పెట్టాలో మావాళ్లు తేల్చుకోలేకపోయారు. రెండోది స్పేస్ షటిల్: రాకెట్‌గా వెళ్లి, ఇంజను వాడకుండా గ్లైడర్‌గా దిగేది. సగం మంది బయటికి అన్నారు, సగం మంది గ్లైడర్ల పెట్టెలోకి అన్నారు. ఆ రెండు చీటీలూ ఇద్దరిద్దరు రాసిన కారణాలతో సహా ఈ ఏటి తరగతికి అలాగే అందించాం.